కాచిన నీళ్ళలో పచ్చినీళ్ళు

సౌభాగ్యమ్మ పాదం మీద పొక్కు లేచిన పూట ఆంజనేయులు పనికి బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆమె గడప పక్కన కూర్చుని కాలు చాపి, చీలమండ కింద వేలితో తడుముకుని, "ఏమండీ, నారి వచ్చినట్టుంది," అంది. ఊరి నుంచి చుట్టమెవరో దిగినట్టు చెప్పింది.

"నారేంది?"

"నారి కురుపు. నిన్నటి నుంచి ఒకటే మంట. ఇప్పుడు పొక్కింది. మా ఊర్లో అందరికీ వచ్చేదే గదా."

అది రంగూను. ఆంజనేయులు కంభంలో ఉప్పూ పప్పూ అమ్ముకునే ఇంట్లో పుట్టి, గుంటూరులో ఇంటర్మీడియెట్ సైన్సు చదివి, పై చదువుకు ఇంట్లో ఒప్పుకోకపోతే ఓడెక్కినవాడు. నది అవతలి ఒడ్డున ఉన్న కిరసనాయిలు కర్మాగారంలో, పరీక్షలు చేసే గదిలో అతని ఉద్యోగం. నూనెను కొద్దికొద్దిగా వేడిచేస్తూ ఎంత వేడికి మంట అంటుకుంటుందో చూసి రాసిపెట్టాలి. అతను వచ్చిన నాటికి బర్మా కూడా ఇండియాలో భాగమే. ఈ పొక్కు లేచిన మరుసటి నెలలో రెండింటినీ వేరుచేశారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయాననుకున్న మనిషి, ఉన్నచోట ఉండగానే పరదేశి అయ్యాడు.

నారి కురుపు అంటే అతనికి తెలియకపోలేదు. భార్య నోట విన్నప్పుడు వెంటనే తట్టలేదు, అంతే. కంభంలో వాళ్ళ వీధి బావికి గిలక ఉంది. చేదతో తోడుకుంటారు, నీళ్ళలో ఎవరూ కాలు పెట్టరు. అందుకే ఆ వీధిలో ఆ జబ్బు లేదు. అత్తవారి ఊరు అర్ధవీడు దగ్గర. అక్కడ ఉన్నది దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకుంటారు. కాలికి నారి ఉన్న మనిషి నీళ్ళలో దిగితే ఆ పుండు నుంచి కంటికి కనిపించని పిల్లలు నీళ్ళలో పడతాయి. వాటిని ఒక నీటిపురుగు తింటుంది. ఆ నీటిపురుగు కూడా నలుసంతే ఉంటుంది. దాన్ని నీళ్ళతో పాటు మనిషి మింగుతాడు. ఇంచుమించు ఏడాదికి, రెండు మూరల పొడుగు దారం లాంటి పురుగు ఒంట్లో పెరిగి, ఎక్కువగా కాలి దగ్గరే, చర్మాన్ని పొక్కించి తల బయటపెడుతుంది. కాలేజీలో ఈ చక్రాన్ని నల్లబల్ల మీద గుండ్రంగా గీసి చూపించారు. పరీక్షలో ఆంజనేయులు దాన్ని బాగా రాశాడు.

అంటే పోయిన వేసవిలో తాగిన నీళ్ళు. పోయిన వేసవిలో పాప ప్రేమకుమారికి పుట్టువెంట్రుకలు తీయించడానికి అర్ధవీడు వెళ్ళారు. అప్పటికి పాప నడక నేర్చుకుంటోంది.

చేయి గుండీ మీదే ఆగిపోయింది. "పాపకు కాచిన నీళ్ళేగా పట్టింది?"

"కాచిన నీళ్ళే. మీరు చెప్పినాక ఒక్క పూటన్నా తప్పిందా? మా అమ్మ తెల్లారంగానే పొయ్యి మీద పెట్టేది."

"మరి నువ్వు?"

"నేనెందుకు తాగుతా కాచిన నీళ్ళు? బాలెంతరాలినా?"

అతను మళ్ళీ గుండీ పెట్టుకోసాగాడు. సౌభాగ్యమ్మ పొక్కును చూసుకుంటూనే ఇంకో మాట కలిపింది. "కాచి, దాంట్లో ఇన్ని పచ్చినీళ్ళు పోసి పట్టేది."

"పచ్చినీళ్ళా?"

"కాలుతా ఉంటే తాగుతదా మరి? ఆరబెట్టినవి చచ్చిన నీళ్ళంట, బిడ్డలకు పట్టకూడదంట. బావిలోవి తాజావి చెంబెడు పోస్తే నీళ్ళకు పానం వస్తదని మా అమ్మ..." అక్కడ మొగుడి మొహం చూసి ఆగింది. "మీరు కాచమన్నారని అమ్మకు చెప్పినా నేను. కలపొద్దని మీరు చెప్పలే."

నిజమే, అతను చెప్పలేదు. ఆ ఇంట్లో అత్త శేషమ్మ అల్లుడి ఎదుటికి రాదు. వంటింటి తలుపు చాటు నుంచే మాట్లాడుతుంది, అదీ ఇంకొకరితో అన్నట్టు. ఆమె నీళ్ళు కాచడం అతను చూడలేదు. తలుపు అవతల పొయ్యి మండుతున్న వాసన చూసి, చెప్పిన పని జరుగుతోందనుకున్నాడు. జరిగింది కూడా.

ఆ పూట ఆంజనేయులు పనికి వెళ్ళాడు. సాయంత్రం దాకా నూనెలు వేడిచేశాడు. రాసిన అంకెల్లో ఒక్క తప్పు కూడా లేదు.

మర్నాడు భార్యను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేలంతా ఫినాయిలు వాసన. చేతికో చీటీ ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. పేరు అడిగారు, వయసు అడిగారు, ఊరు అడగలేదు. డాక్టరు బెంగాలీ ఆయన. రేవులో మూటలు మోసే వాళ్ళ కాళ్ళలో వీటిని చాలా చూశానని ఇంగ్లీషులో చెప్పి, వార్డులో పడుకోబెట్టి, సూదిమందు ఇచ్చి, మరుసటి రోజు కోసి పురుగును ఏ ముక్కా మిగలకుండా తీసేశాడు. కట్టు కట్టారు. వేళకు రొట్టె, పాలు ఇచ్చారు. దుప్పటి రోజూ మార్చారు. గంట కొట్టగానే మొగుళ్ళను బయటికి పంపారు.

ఇంటికొచ్చాక సౌభాగ్యమ్మ అడిగింది. "దాన్ని సీసాలో పెట్టుకున్నారండీ, పిల్ల డాక్టర్లకు చూపెట్టడానికంట. నా కాల్లోది వాళ్ళకెందుకు?"

"చదువుకోవడానికి."

"సీసాను చూసినవాళ్ళు నన్ను చూళ్ళేదు. నర్సమ్మ మంచిదే. కట్టు బాగా కట్టింది. ఉన్నన్నాళ్ళూ ఒక్క మనిషి 'ఏమ్మా, నొస్తందా' అనలే. అన్నా నాకు వాళ్ళ బాస తెలీదనుకోండి."

కట్టు విప్పించే రోజున ఆంజనేయులు పాపను కూడా ఎత్తుకెళ్ళాడు. డాక్టరు పాప పొట్ట నొక్కి చూశాడు, కంటి రెప్ప లాగి చూశాడు, బరువు తూచాడు. బాగుందన్నాడు. లోపల పురుగు ఉందో లేదో చెప్పే పరీక్ష ఏదైనా ఉందా అని ఆంజనేయులు అడిగాడు. రక్తంలో గానీ, ఇంకెక్కడైనా గానీ. ఏదీ లేదన్నాడాయన. పైకి వస్తే తీసుకురమ్మన్నాడు. అప్పటికే తర్వాతి చీటీ వాళ్ళు లోపలికి వచ్చేశారు.

అప్పటి నుంచి సాయంత్రం ఇంటికి రాగానే ఆంజనేయులు పాప కాళ్ళు కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య నుంచి మోకాళ్ళ దాకా వేలితో నొక్కి చూసేవాడు. చర్మం కింద తాడులా ఏదైనా తగులుతుందేమోనని. పాపకు అదొక ఆట. ఒక కాలు అవగానే ఇంకో కాలు తనే చాపేది. అతనికి నవ్వు వచ్చేది కాదు. ఏడుపూ రాలేదు. మొదట్లో గుండె దడదడలాడేది. కొన్నాళ్ళకు అదీ ఆగిపోయింది. నూనె బుడ్డిలో మంట కోసం చూసినట్టే బిడ్డ కాలిలో పొక్కు కోసం చూస్తున్నాడు. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. ఎవరైనా "పాప బాగుందా" అంటే "బాగుంది" అంటున్నాడు. ఆ మాట నిజమో అబద్ధమో తెలుసుకునే దారి అతనికి లేదు.

సౌభాగ్యమ్మకు రెండో కాన్పు దగ్గరపడుతోంది. పురిటికి పుట్టింటికి పోవాలంది. ఇక్కడే ఆసుపత్రిలో పురుడు పోసుకోవచ్చని, శుభ్రంగా ఉంటుందని అతను అన్నాడు.

"ఆ గదిలోనా? నొప్పులొచ్చి అమ్మా అని అరిస్తే వాళ్ళకేం తెలుస్తది? నోరు మూసుకోమంటారు, అదైనా ఏ బాసలో అంటారో. నేను పోతా. మీకు సెలవు లేకుంటే నన్ను ఓడెక్కించండి చాలు."

అతను సెలవు పెట్టి తానూ బయలుదేరాడు. మదరాసులో దిగి, రైళ్ళు మారి, కంభంలో దిగి, ఎద్దుల బండిలో అర్ధవీడు దారి పట్టారు. సగం దారిలోనే పాప దాహమని ఏడ్చింది. రంగూనులో కాచి చల్లార్చి తెచ్చిన నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. కంభం స్టేషనులో కాయించిన నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. సీసాను తడిగుడ్డలో చుట్టి, అవి చల్లారేదాకా ఏడవనిచ్చాడు. బండివాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మామ కోటేశ్వర్లు దుకాణం మూసేసి ఎదురొచ్చాడు. "రా రా, రంగూను దొరా. ఏంది, ఇట్ల పీక్కపోయినావు? అక్కడ తిండి పెట్టరా నీకు?" అని మనవరాలిని చంకనేసుకున్నాడు. "ప్రేమకుమారంట! టాకీ బొమ్మల్లో ఆడదాని పేరు పెట్టినాడు బిడ్డకు."

వంటింటి తలుపు చాటు నుంచి శేషమ్మ గొంతు వినిపించింది. "కుమారీ, మీ నాయనను కాళ్ళు కడుక్కోమని చెప్పు. మజ్జిగ ఇస్తా."

ఆంజనేయులు అక్కడే నిలబడి, తలుపు వైపు చూస్తూ చెప్పాడు. "అత్తా, పాపకు కాచిన నీళ్ళలో పచ్చినీళ్ళు కలపొద్దు."

లోపలి నుంచి శేషమ్మ పాపతో అన్నట్టు, "కుమారీ, మీ నాయనకు చెప్పు. ఈ నీళ్ళు తాగే మీ అమ్మ ఇంతదైంది. నేను ఇంతదాన్నైనా. మీ తాత అంత లావైనాడు."

"నన్నెందుకు లాగుతావే మధ్యలో?" అన్నాడు కోటేశ్వర్లు.

ఆంజనేయులు వాదించలేదు. వాదించే ఓపిక అతనిలో ఎక్కడా దొరకలేదు. తడికవార ఉన్న కడవలోంచి గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి, వాకిట్లో ఎండకు ఎదురుగా పట్టి, చూడమన్నట్టు తలుపు దాకా తీసుకెళ్ళి గడప మీద పెట్టాడు. గ్లాసులో తెల్లటి నలుసులు ఉండుండి ఎగిరినట్టు కదులుతున్నాయి. తలుపు సందులోంచి ఒక చేయి వచ్చి గ్లాసు అందుకుంది. లోపల కిటికీ వెలుగులో ఆమె దాన్ని చాలాసేపు చూసినట్టుంది.

"ఇవేనా?"

ఆ మాట పాపకు కాదు, కూతురికి కాదు. నేరుగా అతనికే. తర్వాత శేషమ్మ గడప దాటి వచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళకు అత్త మొహం అతను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. కూతురి మొహమే, కొంచెం నల్లగా.

"అవే అత్తా."

"కండ్లు మసకలు గదా, నలకలనుకునేదాన్ని. ఇవి నేను పోసినానా నాయనా పాపకు? అమ్మాయి కాలుకు వచ్చిందన్నారే, అది పాపకూ..."

ఆమె గ్లాసును వాకిట్లో పారబోసి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు కుండల్లో నీళ్ళు కాగాయి. ఒక దాన్ని ఆరబెట్టేవారు. రెండో దానిలోని వేడినీళ్ళను చల్లారిన వాటితో కలిపి పాపకు పట్టేవారు. కలిపానన్న తృప్తి ఆమెకు మిగిలింది. ఆమె తలుపు చాటుకు మళ్ళీ పోలేదు.

ఒక రోజు ఆంజనేయులు పాపను కంభంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇక్కడి డాక్టరుకు ఇలాంటివి ఎక్కువ తెలిసి ఉంటాయేమోనని ఒక ఆశ. వసారాలో జనం నేల మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు చాపుకున్న వాళ్ళే ఎక్కువ. చీటీలు లేవు. ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. తెలియనిది అతని సంగతే.

"ఏ ఊరు శెట్టీ?" అంది పక్కన కూర్చున్న గొర్రెలకాపరి మనిషి. పేరు గురవమ్మ అని కాసేపటికి అతనికీ తెలిసింది, వసారా అంతటికీ తెలిసినట్టే. ఆమె మోకాటి కింద గుడ్డ కట్టి ఉంది. గుడ్డలోంచి, నారిని చుట్టిన చిన్న పుల్ల పైకి కనిపిస్తోంది.

"అర్ధవీడు. కోటేశ్వర్లు అల్లుడిని."

"దుకాణం కోటేశ్వర్లా? ఆయన తూకం మాకు తెల్వదా! పాపకేమైంది, నారి వచ్చిందా?"

"రాలేదు."

"మరేంది?"

"వస్తదేమోనని."

గురవమ్మ అతన్ని ఎగాదిగా చూసి, అందరికీ వినపడేట్టు అంది. "రాని నారికి మందంట! శెట్టీ, మా గొర్రెలు కూడా శానా ఉండాయి, వాటికీ రాని రోగాలు శానా ఉండాయి. ఒక సీసా ఎక్కువ రాయించు." వసారా అంతా నవ్వింది. ఎవరో పాప చేతిలో బెల్లం ముక్క పెట్టబోయారు. ఇంకెవరో పాప కాళ్ళు పట్టి చూసి, ఏమీ లేదన్నారు. ఒక ముసలాయన తన తొడ మీద మచ్చలు చూపించి, అవి ఏయే ఏడాదివో చెప్పసాగాడు.

రంగూను ఆసుపత్రి బల్ల మీద అతను సౌభాగ్యమ్మ పక్కన కూర్చున్నప్పుడు ఇంత పలకరింపు ఎక్కడైనా ఉంటే బాగుండుననుకున్నాడు. ఇక్కడ ఉంది. కానీ అది తనకు తగలడం లేదు. తలుపులు వేసిన గదిలో కూర్చుని వీధిలో మాటలు వింటున్నట్టుంది.

డాక్టరు పెద్దాయన. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూశాడు. "లోపల ఉంటే నాకెట్ల కనపడతది నాయనా? వస్తే తీసుకురా."

"వస్తే కోసి తీస్తారా?"

"పెద్దవాళ్ళకైతే చూస్తా. ఇంత పిల్లకు మత్తు ఇచ్చి కోసే ఏర్పాటు నా దగ్గర లేదు. కర్నూలు పోవాల. లేదంటే మీ ఇంట్లో ఎట్ల చేస్తారో అట్లే చెయ్యండి. తొందరపడి లాగొద్దు. తెగిందంటే కాలంతా చీము పడుతుంది. పుండైతే ఈ మందు రాయండి."

సౌభాగ్యమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. ఇంట్లో సందడి. ఆ సందడిలో ఒక మధ్యాహ్నం పాప పెరట్లో కుడితి తొట్టి దగ్గర కూర్చుని ఎడమ కాలు అందులో పెట్టి, తీస్తే ఏడుస్తూ, పెడితే ఊరుకుంటూ ఉంది. చల్లటి నీళ్ళు తగిలితే ఆ మంట తగ్గుతుందని ఆంజనేయులు చదువుకున్నాడు. దగ్గరికెళ్ళి కాలు ఎత్తి చూశాడు. చీలమండ లోపలి వైపు పొక్కు, శనగగింజంత.

ఇన్నాళ్ళూ ఈ నిమిషం గురించే ఆలోచించాడు. కేక వేస్తాననుకున్నాడు, పడిపోతాననుకున్నాడు. ఏమీ కాలేదు. పాపను ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తా, వచ్చింది," అన్నాడు.

శేషమ్మ చేతిలో జల్లెడ పక్కన పెట్టి, కాలు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప కాలు తన చేతిలోకి తీసుకుని, "బావికి తీసకపోయి మెట్ల మీద కాలు ముంచితే సల్లబడుతుంది, పోదాం పా," అంది.

"బావిలో వద్దు." అతని గొంతు మొదటిసారి పెరిగింది. "అందులో ముంచితే ఇంకొకరి బిడ్డకు పోతది. కుండలో నీళ్ళు పెట్టి ముంచుదాం. ఆ నీళ్ళు ఇసకలో పోద్దాం."

ఆమె ఎందుకని అడగలేదు. కుండ తెచ్చింది. పాప వాడిన నీళ్ళను ఆంజనేయులు తనే ఊరి బయట ఇసకలో పోసి వచ్చేవాడు. పొక్కు పగిలి, తెల్లటి దారం కొస పైకి కనిపించింది. కర్నూలు పోదామా అని కోటేశ్వర్లు అడిగాడు. దారిలో బండి కుదుపులకు అది తెగితే? ఆంజనేయులు ఆలోచించి వద్దన్నాడు. రంగూనులో అయితే మత్తు ఇచ్చేవాళ్ళు, కోసేవాళ్ళు, రెండు రోజుల్లో ఇంటికి పంపేవాళ్ళు. ఆ గది అతని కళ్ళ ముందు స్పష్టంగా ఉంది, కిటికీలతో సహా. సముద్రం అవతల ఉంది.

చీపురుపుల్ల ముక్కను, గుడ్డపేలికలను అతను నీళ్ళలో మరగబెట్టి ఇచ్చేవాడు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాలును రెండు చేతులతో కదలకుండా పట్టుకునేవాడు. శేషమ్మ ఎదురుగా కూర్చుని, దారం కొసను పుల్లకు చుట్టి, వచ్చినంత మేర మెల్లగా తిప్పి, రాకపోతే ఆపి, పుల్లను కాలికి కట్టేసేది. ఒక్కోరోజు వేలెడు వచ్చేది. ఒక్కోరోజు ఏమీ రాదు. మొదట్లో పాప ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చేది. తర్వాత అలవాటుపడి, "అవ్వా, తిప్పు," అని తనే కాలు చాపేది. శేషమ్మ మధ్యలో ఆపి, వేళ్ళు చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పట్టుకునేది.

"నేనే పోసినా, నేనే తీస్తుండా," అంది ఒకరోజు.

"మాట్లాడొద్దు అత్తా. తెగుతది."

సౌభాగ్యమ్మ పసివాడిని పట్టుకుని పక్క గదిలోంచి అడిగేది, "వచ్చిందా?" అని. "కొంచెం," అనేవాడు. అతని బుద్ధంతా ఆ పది వేళ్ళలోకి దిగిపోయింది. మిగతా మనిషి ఎక్కడున్నాడో అతనికే తెలియలేదు. సెలవు అయిపోయింది. అతను ఎక్కాల్సిన ఓడ వెళ్ళిపోయింది. "ఉద్యోగం సంగతేంది?" అని మామ అడిగితే "చూద్దాం" అన్నాడు.

ఒక పొద్దున శేషమ్మ పుల్ల తిప్పుతుంటే దారం ఒక్కసారిగా వదులైంది. ఆంజనేయులు తెగిందనుకున్నాడు. ఆమె దాన్ని వెలుతురులోకి వంచి, కళ్ళు చికిలించి చూసి, అతనికి చూపించింది. చివర సన్నగా, కొక్కెంలా వంగి ఉంది. తోక అది. తెగలేదు.

"అయిపోయింది," అని ఆమె పుల్లతో సహా దాన్ని పొయ్యిలో వేసి వచ్చింది. పుండు మీద డాక్టరిచ్చిన మందు రాసి గుడ్డ కట్టింది.

పాప దిగబోయింది. కాలు రాలేదు. అతని చేతులు దాన్ని పట్టుకునే ఉన్నాయి. "నాయనా, కాలు," అంది పాప.

"వదులు నాయనా," అంది శేషమ్మ. "అయిపోయిందని చెబుతుండా గదా."

"ఇంకోటి ఉంటే?"

ఆమె పాప జుట్టు సవరించింది. "ఉంటే దానికీ ఇట్లే కూచుందాం. నువ్వు పడతావు, నేను తిప్పుతా. ఇప్పుడు దాన్ని దిగనీ."

అతను వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పాడు. పాప ఒళ్ళోంచి జారి, మడమ ఆనించకుండా మునివేళ్ళ మీద కుంటుతూ, దుకాణంలో తాత దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ కోటేశ్వర్లు "వచ్చిందిరా టాకీ బొమ్మ!" అంటున్నాడు. ఆంజనేయులు లేవబోయాడు. మోకాళ్ళ కింద కాళ్ళు ఉన్నట్టే లేవు. తిమ్మిరెక్కిపోయాయి. గోడ పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు.

"కూచో నాయనా, కూచో. తగ్గినాకే లెయ్యి," అంది శేషమ్మ. పాలు పొంగుతున్న వాసన వస్తుంటే ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అతను అలాగే కూర్చుని, తిమ్మిరి వదలడం కోసం అరికాళ్ళను చేతులతో రుద్దుకోసాగాడు.